ఎన్‌డీ ఫిల్టర్‌తో ఫిల్ము మీద తీసేవారికి ఏ మీటరు నయం, ఏ ఫిల్ము నయం?

లెన్సు ముందు బిగించి లోపలికి వచ్చే వెలుతురును తగ్గించే ముదురు గాజు ఎన్‌డీ ఫిల్టర్. దాన్ని కొన్న ప్రతివారికీ మొదటి రోలులోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. వెలుతురును ఫిల్టర్ బిగించాక కొలవాలా, బిగించకముందే కొలిచి లెక్క వేసుకోవాలా? డిజిటల్ కెమెరాతో తీసేవారికి ఇది పెద్ద సమస్య కాదు. ఒకటి తీస్తారు, తెర మీద చూస్తారు, దిద్దుకుంటారు. ఫిల్ముతో అలా కుదరదు. ల్యాబు నుంచి నెగటివ్‌లు చేతికొచ్చే వరకు ఏమైందో తెలియదు. అప్పటికి ఆ అల, ఆ మబ్బు, ఆ వెలుతురు ఏవీ మిగలవు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. మూడు నాలుగు స్టాపుల ఫిల్టర్ వరకు (ఒక స్టాపు అంటే వెలుతురు సగం కావడం) వెలుతురు కొలవడానికి కెమెరాలోని మీటరునే నమ్మండి. ఆరు స్టాపులు, ఆపైన అయితే ఫిల్టర్ తీసి కొలిచి, లెక్క వేసుకోండి. పది స్టాపులకు వచ్చేసరికి ఏ మీటరు అన్నదాని కంటే కెమెరాలో ఏ ఫిల్ము ఉందన్నదే పెద్ద ప్రశ్న. ఈ మూడో మాటను చాలామంది పట్టించుకోరు. మీటరు కోసం నెలల తరబడి వెతుకుతారు, ఫిల్ము మాత్రం అంగట్లో ఏది దొరికితే అది కొంటారు.

ఫిల్టర్ అంచు మీది అంకె

మీటరు సంగతికి ముందు ఫిల్టర్ చుట్టూ చెక్కిన అంకెను సరిగా చదవాలి. స్టాపులను అందరూ ఒకేలా రాయరు. కొన్ని కంపెనీలు సాంద్రత రాస్తాయి. ఆ లెక్కలో 0.3 అంటే ఒక స్టాపు, 0.9 అంటే మూడు, 1.8 అంటే ఆరు, 3.0 అంటే పది. మరికొన్ని గుణకం రాస్తాయి. ఎన్‌డీ 8 అంటే వెలుతురు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, అంటే మూడు స్టాపులు. ఎన్‌డీ 64 ఆరు స్టాపులు, ఎన్‌డీ 1000 పది స్టాపులు. బీ ప్లస్ డబ్ల్యూ వారి 103, 106, 110 ఫిల్టర్లలో చివరి అంకెలే స్టాపులు. లీ కంపెనీ పలకల్లో లిటిల్ స్టాపర్ ఆరు, బిగ్ స్టాపర్ పది. ఎన్‌డీ 8ని ఎనిమిది స్టాపులుగా చదివితే నెగటివ్‌కు ఐదు స్టాపుల వెలుతురు ఎక్కువ పడుతుంది. స్లైడ్ ఫిల్ము (నెగటివ్ కాకుండా నేరుగా బొమ్మ వచ్చే ఫిల్ము) అయితే తెల్లటి ముక్క చేతికొస్తుంది.

హోయా ఎన్‌డీ 400 మాత్రం ఏ లెక్కలోనూ సరిగ్గా ఇమడదు. అది ఎనిమిదిన్నర కంటే కాస్త ఎక్కువ. నెగటివ్ ఫిల్ముతో తీసేవారు తొమ్మిది అనుకుని ముందుకు పోవచ్చు. ఆ కాస్త వెలుతురు ఎక్కువైనా నెగటివ్ తట్టుకుంటుంది.

అంచు మీద రాసిన అంకె అచ్చంగా నిజమని కూడా అనుకోవద్దు. ముదురు ఫిల్టర్లలో మూడో వంతు, ఒక్కోసారి అర స్టాపు తేడా మామూలే. దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. నీడలో ఉన్న తెల్లగోడను ఒక డిజిటల్ కెమెరాతో, అపర్చర్ (లెన్సు రంధ్రం), ఐఎస్ఓ (వెలుతురును పట్టే వేగం) కదలకుండా పెట్టి, ఫిల్టర్ లేకుండా 1/125 సెకనుకు తీయండి. తర్వాత పది స్టాపుల ఫిల్టర్ బిగించి, వ్యూఫైండర్‌ను నల్లగుడ్డతో కప్పి 8 సెకన్లకు తీయండి. రెండూ ఒకే మోతాదు కాంతితో వస్తే మీ ఫిల్టర్ మాట నిలబెట్టుకున్నట్టే. రెండోది నల్లగా వస్తే 10 సెకన్లు, 13 సెకన్లు పెట్టి చూడండి. ఎక్కడ సరిపోతే అది మీ ఫిల్టర్ అసలు బలం. దాన్ని డబ్బా మీద పెన్నుతో రాసిపెట్టుకోండి. కొత్త మీటరు కొనే ముందు ఈ పని చేసుకుంటే చాలామందికి కొత్త మీటరు అవసరమే ఉండదు.

కెమెరాలోని మీటరు ఎక్కడిదాకా వస్తుంది

లెన్సు గుండా వచ్చిన వెలుతురునే కొలిచే మీటరును టీటీఎల్ అంటాం. నికాన్ ఎఫ్ఎం2, పెంటాక్స్ కె1000, కానన్ ఏఈ-1 ఈ కోవవే. ఫిల్టర్ బిగిస్తే వీటి మీటరు ఫిల్టర్ వెనక నుంచే చూస్తుంది కాబట్టి లెక్క అక్కర్లేదు. పలుచని ఫిల్టర్లకు ఇంతకంటే సుఖమైన దారి లేదు.

మధ్యాహ్నపు ఎండలో మనిషి ముఖాన్ని ఎఫ్/2 దగ్గర, అంటే అపర్చర్ బాగా తెరిచి తీసి, వెనక ఉన్నదంతా మసకబార్చాలనుకుందాం. ఐఎస్ఓ 100 ఫిల్ముకు ఆ ఎండలో ఎఫ్/16 దగ్గర 1/100 సెకను సరిపోతుంది. ఎఫ్/2కి ఆరు స్టాపులు తెరిస్తే 1/6400 కావాలి. కె1000 షటర్ 1/1000 దగ్గర ఆగిపోతుంది. ఎన్‌డీ 8 పెడితే 1/800కి దిగుతుంది, పని జరుగుతుంది. అదే కెమెరాలో ఐఎస్ఓ 400 ఫిల్ము ఉంటే ఎన్‌డీ 8 పెట్టినా 1/3200 కావాలి, కె1000కి అది అందదు. 1/4000 దాకా వెళ్లే ఎఫ్ఎం2కి అందుతుంది. ఇలాంటి పనికి చేతి మీటరు, లెక్కల యాప్ అన్నీ అనవసరపు బరువు. వ్యూఫైండర్‌లో చూస్తూ మీటరు ముల్లును మధ్యకు తెచ్చుకుని షటర్ నొక్కడమే.

ముదురు ఫిల్టర్‌తో ఈ సుఖం ఉండదు. ఎఫ్ఎం2 మీటరు ఐఎస్ఓ 100 దగ్గర, ఎఫ్/1.4 లెన్సుతో ఈవీ 1 నుంచి 18 వరకు కొలవగలదు (ఈవీ అంటే వెలుతురును స్టాపుల మెట్లలో చెప్పే అంకె). ఎర్రటి ఎండ ఈవీ 15. పది స్టాపుల ఫిల్టర్ పెడితే ఈవీ 5 మిగులుతుంది. కాగితం మీద అది మీటరు పరిధిలోనే ఉంది. కానీ ఎఫ్/16 దగ్గర దానికి 8 సెకన్లు కావాలి, ఎఫ్ఎం2 షటర్ డయల్‌లో ఆఖరి అంకె ఒక సెకను. కాబట్టి అపర్చర్ రింగును ఎఫ్/5.6కి తిప్పి, ఒక సెకను దగ్గర కొలిచి, అక్కడి నుంచి మూడు స్టాపులు లెక్కపెట్టుకోవాలి. లెక్క తప్పించుకుందామని టీటీఎల్‌ను నమ్ముకుంటే చివరికి లెక్కే మిగిలింది. మబ్బు పట్టిన ఉదయమైతే మీటరు తన పరిధి అంచుకు చేరుతుంది.

దీనికి తోడు మరో చిక్కు ఉంది, ఇదే ఎక్కువ రోళ్లను పాడుచేస్తుంది. ఎస్ఎల్ఆర్‌లో, అంటే లోపలి అద్దం సాయంతో లెన్సు గుండానే చూసే కెమెరాలో, మీటరు సెల్లు సాధారణంగా వ్యూఫైండర్ దగ్గర్లో ఉంటుంది. కన్ను ఆనించి చూసినంతసేపు వెనక నుంచి వెలుతురు రాదు. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి పక్కకు జరగగానే వ్యూఫైండర్ గుండా వెలుతురు లోపలికి దూరుతుంది. మామూలుగా అది లెక్కలోకి రాదు. లెన్సు వైపు నుంచి వచ్చేది వెయ్యో వంతుకు పడిపోయినప్పుడు మాత్రం మీటరు చూసేది చాలావరకు దొడ్డిదారిన వచ్చిన ఈ వెలుతురునే. సూర్యుడు మీ వెనక ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. మీటరు వెలుతురు బాగానే ఉందనుకుంటుంది, నెగటివ్ ఖాళీగా వస్తుంది. నికాన్ ఎఫ్3, కానన్ ఏ-1 కెమెరాల్లో వ్యూఫైండర్‌ను మూసే చిన్న తలుపు ఇందుకే పెట్టారు. అది లేనివారు నల్లగుడ్డ జేబులో పెట్టుకోవాలి.

మూడో చిక్కు కంటికి కనిపించదు. ముదురు ఎన్‌డీ ఫిల్టర్లలో చాలావాటికి కనిపించే వెలుతురును ఆపినంత గట్టిగా పరారుణ కాంతిని ఆపడం చేతకాదు. మీటరు సెల్లు దాన్ని కొంతైనా పసిగడుతుంది. మామూలు నలుపు తెలుపు ఫిల్ముకు గానీ, రంగుల ఫిల్ముకు గానీ పరారుణం కనిపించదు. అంటే మీటరు చూసే వెలుతురు వేరు, ఫిల్ము చూసే వెలుతురు వేరు. పచ్చని చెట్లు పరారుణాన్ని బాగా వెనక్కి పంపుతాయి కాబట్టి అడవిలోని జలపాతాల దగ్గర ఈ తేడా ఎక్కువ. ఇందులో కొనుగోలుదారులకు ఒక లాభమూ ఉంది. పరారుణాన్ని కూడా అడ్డుకుంటుందని చెప్పి ఎక్కువ ధరకు అమ్మే ఎన్‌డీ ఫిల్టర్లు డిజిటల్ సెన్సర్ల కోసం తయారైనవి. ఫిల్టర్ తీసి కొలిచే అలవాటున్న ఫిల్ము మనిషికి ఆ అదనపు ఖర్చు దండగ.

పాత కెమెరాల్లో అన్నీ టీటీఎల్ కావు. యాషికా ఎలక్ట్రో 35లో మీటరు కన్ను లెన్సు మీద కాదు, పైన కెమెరా ఒంటి మీద ఉంటుంది. లెన్సుకు ఫిల్టర్ పెట్టిన సంగతి దానికి తెలియదు. కానోనెట్ క్యూఎల్17 జీ-3లో అదే కన్ను ఫిల్టర్ బిగించే వలయం లోపల ఉంటుంది, కాబట్టి ఫిల్టర్ దాన్నీ కప్పేస్తుంది, లెక్క దానంతట అదే సరిపోతుంది. ఒకే తరహా రెండు కెమెరాల మధ్య ఇంత తేడా. మీ కెమెరా ఏ రకమో తెలుసుకోవడానికి పుస్తకం వెతకనక్కర్లేదు. లెన్సు ముందు అరచెయ్యి అడ్డం పెట్టి ముల్లు పడిపోతుందేమో చూడండి.

మీటరు కన్ను బయట ఉన్న కెమెరాలకు ఐఎస్ఓ డయల్‌ను దించడం పాత చిట్కా. ఐఎస్ఓ 100 ఫిల్ము, ఎన్‌డీ 8 ఫిల్టర్ ఉంటే డయల్‌ను 12 దగ్గర పెడతారు. మూడు స్టాపుల దాకా ఇది చక్కగా పనిచేస్తుంది. పది స్టాపులకు ఐఎస్ఓ 0.1 కావాలి, అలాంటి డయల్ ఏ కెమెరాకూ లేదు. ఇంకో సంగతి, రోలు మధ్యలో ఫిల్టర్ తీసేసి డయల్ మరిచిపోతే మిగతా ఫ్రేములన్నీ మూడు స్టాపులు ఎక్కువ తాగుతాయి.

విడిగా కొలిచే దారులు

ఫిల్టర్ లేకుండా కొలిచి స్టాపులు కలుపుకునే పద్ధతిలో మీటరు ఏదైనా ఫర్వాలేదు. దాని పని మామూలు పగటి వెలుతురును కొలవడమే, అది ప్రతి మీటరుకూ చేతనవుతుంది. తేడా అంతా మీటరు దేన్ని చూస్తుందన్నదాంట్లో ఉంది.

ఎస్ఎల్ఆర్ మీటరు వస్తువు నుంచి తిరిగొచ్చే వెలుతురును కొలుస్తుంది. ఎన్‌డీ ఫిల్టర్‌తో తీసేవాటిలో ఎక్కువ భాగం తెల్లని నురుగు, తెల్లని ఆకాశం. వాటిని చూసి మీటరు అంతా బూడిదరంగుకు దించేస్తుంది, నెగటివ్‌కు వెలుతురు తక్కువ పడుతుంది. తెల్లని గుండు ఉన్న చేతి మీటరు అయితే వస్తువు మీద పడే వెలుతురునే కొలుస్తుంది, నురుగు తెల్లగా ఉందో ఇసుక నల్లగా ఉందో దానికి పట్టదు. సెకోనిక్ ఎల్-308 లాంటివి ఈ పనికి చాలు. బ్యాటరీ అక్కర్లేని సెకోనిక్ స్టూడియో డీలక్స్ పాతది దొరికినా, సెలీనియం సెల్లు ఇంకా బతికి ఉందని తేల్చుకున్నాక నిశ్చింతగా కొనవచ్చు. ఖరీదైన మీటర్లలో ఫిల్టర్ స్టాపులను ముందే ఎక్కించి ఉంచుకునే వీలు ఉంటుంది. సౌకర్యమే, కానీ ఐఎస్ఓ డయల్ మతిమరుపు ఇక్కడా వెంటాడుతుంది. నేనైతే స్టాపులను వేళ్ల మీద లెక్కపెట్టుకునే పద్ధతికే ఓటు వేస్తాను.

మీటరును ఫిల్టర్ వెనక పెట్టి కొలవాలని కొందరికి తోస్తుంది. గుండు ఉన్న మీటరుతో అది కుదరదు, పక్కల నుంచి వెలుతురు దూరుతుంది. ఫోను కెమెరా ముందు ఫిల్టర్ పట్టుకున్నా అదే కథ.

ఫోను యాప్‌ల గురించి చిన్నచూపు అక్కర్లేదు. నెగటివ్ ఫిల్ముకు అవి బాగానే సరిపోతాయి. ఫోను లెన్సు వెడల్పు కాబట్టి ఆకాశం ఎక్కువగా చొరబడుతుంది. తెర మీద ఒక చోట వేలు పెట్టి అక్కడిది మాత్రమే కొలిచే పద్ధతిని వాడండి. నేల మీది నీడను గానీ, ఎండ పడిన మీ అరచేతిని గానీ కొలవండి. అరచేయి మధ్యస్థపు బూడిదరంగు కంటే సుమారు ఒక స్టాపు వెలుగుగా ఉంటుంది కాబట్టి ఒక స్టాపు ఎక్కువ ఇవ్వాలి. స్లైడ్ ఫిల్ము వాడేవారు మాత్రం ఫోను అంకెను ఒక మంచి మీటరుతో ముందు సరిచూసుకోవాలి.

మంచి ఎండలో అసలు మీటరే వద్దు. ఎఫ్/16 దగ్గర షటర్ 1/ఐఎస్ఓ అన్న పాత సూత్రం ప్రకారం ఐఎస్ఓ 100కి 1/100. పది స్టాపులు కలిపితే 10 సెకన్లు. మే నెల మిట్టమధ్యాహ్నం మన దగ్గర ఇంతకంటే నమ్మకమైన మీటరు ఎవరి దగ్గరా ఉండదు. ఆ ఎండలో సముద్రం తీయడానికి ఎవరైనా వెళతారా అన్నది వేరే విషయం.

అసలు తేడా ఫిల్ములో ఉంది

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళదాం. విశాఖ దగ్గర రుషికొండ ఒడ్డున మబ్బు పట్టిన ఉదయం. చేతి మీటరు ఐఎస్ఓ 100కి ఎఫ్/11 దగ్గర 1/30 చూపింది. పది స్టాపులు కలపాలి. 1/15, 1/8, 1/4, 1/2, 1, 2, 4, 8, 15, 30. పదో అంకె 30 సెకన్లు. ఇంతవరకు ఏ మీటరుతో కొలిచినా ఒకటే. ఫిల్టర్ అర స్టాపు తేడా ఉంటే 30 కాస్తా 42 అవుతుంది, అంతే.

ఇక్కడ ఆగిపోతే నెగటివ్ పల్చబడుతుంది. వెలుతురు సగమైతే సమయం రెట్టింపు చేస్తే చాలన్న నియమం చాలా ఫిల్ముల మీద సుమారు ఒక సెకను దాకానే నిజం. ఆపైన ఫిల్ము మందగిస్తుంది. వెండి లవణపు రేణువు మీద ఫోటాన్లు మరీ ఆలస్యంగా, ఒక్కొక్కటిగా పడితే, మొదటిదాని ప్రభావం రెండోది వచ్చేలోపే చెరిగిపోతుంది. దీన్నే రెసిప్రాసిటీ ఫెయిల్యూర్ అంటారు. 19వ శతాబ్దం ఆఖర్లో కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ వియన్నాలోని కుఫ్నర్ వేధశాలలో నక్షత్రాల వెలుగును ఫొటో పలకల మీద కొలుస్తూ దీనికి ఒక సూత్రం కట్టాడు. కృష్ణబిలాల లెక్కలతో తర్వాత పేరుపొందింది ఈయనే. ఇల్‌ఫర్డ్ కంపెనీ ఇప్పటికీ అదే తరహా సూత్రాన్ని ఇస్తోంది. మీటరు చూపిన సెకన్లను ఆ ఫిల్ము ఘాతాంకానికి ఎత్తితే అసలు సమయం వస్తుంది. హెచ్‌పీ5 ప్లస్‌కు ఆ ఘాతాంకం 1.31, ఎఫ్‌పీ4 ప్లస్‌కు, డెల్టా 100కు 1.26, డెల్టా 400కు 1.41.

ఆ 30 సెకన్లనే ఇప్పుడు వేర్వేరు ఫిల్ముల్లో వేసి చూడండి. ఫ్యూజీ అక్రాస్ 2కి 30 సెకన్లే. రెండు నిమిషాల దాకా దానికి సవరణే అక్కర్లేదని ఫ్యూజీ చెబుతుంది. కొడాక్ టీ-మ్యాక్స్ 100కు 50 సెకన్లు దాటుతుంది. ఎఫ్‌పీ4 ప్లస్‌కు 73, హెచ్‌పీ5 ప్లస్‌కు 86. కొడాక్ ట్రై-ఎక్స్ 400కు, కంపెనీ పట్టికలో 10 సెకన్లకు 50, 100 సెకన్లకు 1200 అని ఉన్న అంకెల మధ్య లెక్క కడితే, దాదాపు 3 నిమిషాల 45 సెకన్లు. మీటరు లెక్క అదే 30 సెకన్లు, ఫిల్టర్ అదే. ఒకరు అర నిమిషంలో ముగించుకుని వెళ్లిపోతే, ఇంకొకరు దాదాపు నాలుగు నిమిషాలు ట్రైపాడ్ పక్కన నిలబడాలి. ఫిల్టర్ తెచ్చే తేడా అర స్టాపు, ఫిల్ముల మధ్య తేడా మూడు స్టాపులకు దగ్గర. డబ్బు ఎక్కడ పెట్టాలో ఈ రెండు అంకెలే చెబుతాయి.

వేగం ఎక్కువున్న ఫిల్ము ముందుగా ముగుస్తుందనుకోవడమూ పొరపాటే. అదే ఒడ్డున, అదే అపర్చర్ దగ్గర ఐఎస్ఓ 400 ట్రై-ఎక్స్‌కు మీటరు లెక్క నిజానికి ఐఎస్ఓ 100లో పావు వంతు, అంటే సుమారు ఎనిమిది సెకన్లు. పట్టిక దాన్ని సుమారు 37 సెకన్లకు ఈడుస్తుంది. ఐఎస్ఓ 100 అక్రాస్‌కు కావలసింది 30. డబ్బా మీద నాలుగు రెట్ల వేగం రాసుకున్న ఫిల్ము ఇక్కడ వెనకబడింది.

దీనికి ఒక మెలిక కూడా ఉంది. సందేహం వస్తే రెండో ఫ్రేము ఒక స్టాపు ఎక్కువకు తీద్దామని చాలామంది సమయాన్ని రెట్టింపు చేస్తారు. హెచ్‌పీ5లో 86ని 172 చేస్తే అది పూర్తి స్టాపు కాదు. మీటరు లెక్కలో 30ని 60 చేసి, దాన్ని మళ్లీ ఘాతాంకానికి ఎత్తితే 213 సెకన్లు వస్తుంది. ఈ ఫిల్ములో ఒక స్టాపు అంటే రెండు రెట్లు కాదు, రెండున్నర రెట్లు. పొరపాటున పదో, పదిహేనో సెకన్లు ఎక్కువైతే కంగారు పడనక్కర్లేదన్న సంగతి కూడా ఇందులోనే ఉంది.

లెక్క వరుస తప్పితే మాత్రం అంతా పోతుంది. ముందు స్టాపులు కలపాలి, ఆ తర్వాతే ఫిల్ము సవరణ. 1/30కి ఏ ఫిల్ముకూ సవరణ అక్కర్లేదు కదా అని వదిలేసి తర్వాత పది స్టాపులు కలిపితే, ఆ 30 సెకన్లకు రావలసిన సవరణ లెక్కలోంచి జారిపోతుంది. ఆటోమేటిక్ కెమెరాలు చేసేదీ ఇదే. ఎఫ్3 తనంతట తాను 8 సెకన్ల దాకా షటర్ తెరిచి ఉంచగలదు. హెచ్‌పీ5 ఉంటే ఆ 8కి నిజానికి 15 కావాలి. లోపల ఏ ఫిల్ము ఉందో కెమెరాకు ఏం తెలుసు.

పొడవాటి ఎక్స్‌పోజర్లలో నీడలు వెలుగుల కంటే ఎక్కువ మందగిస్తాయి, కాబట్టి కాంట్రాస్ట్ పెరుగుతుంది. ట్రై-ఎక్స్‌కు 10 సెకన్ల దగ్గర డెవలప్‌మెంట్‌ను 20 శాతం, 100 సెకన్ల దగ్గర 30 శాతం తగ్గించమని కొడాక్ చెప్పింది ఇందుకే. ఇంట్లో కడుక్కునేవారు దీన్ని పాటించవచ్చు. రోలు మొత్తం ల్యాబుకు ఇచ్చేవారికి ఆ వీలు లేదు, వారు సవరణ తక్కువున్న ఫిల్మునే ఎంచుకోవడం తెలివి.

రంగుల్లో ఎంపిక ఇంకా తేలిక. ప్రొవియా 100ఎఫ్‌కు 128 సెకన్ల దాకా సవరణ అక్కర్లేదు. వెల్వియా 50 నాలుగు సెకన్లకే సవరణతో పాటు మెజెంటా ఫిల్టర్ కూడా అడుగుతుంది, 64 సెకన్లకు అసలు వాడవద్దంటుంది. ముదురు ఎన్‌డీ ఫిల్టర్లు తమ సొంత రంగును కూడా కాస్త పులుముతాయి, నెగటివ్‌లో దాన్ని స్కానింగులో సరిచేయవచ్చు, స్లైడులో అది అలాగే ఉండిపోతుంది. రంగుల్లో ఎన్‌డీ 1000 వాడాలంటే ప్రొవియానే నా ఎంపిక. వెల్వియాను ఎన్‌డీ 8కి మించి తీసుకెళ్లకండి.

తిప్పితే ముదిరే ఫిల్టర్

రెండు పోలరైజర్లను ఒకదాని మీద ఒకటి బిగించి తిప్పే ఎన్‌డీ ఫిల్టర్లు వీడియో తీసేవారికి వరం. ఫిల్ముకు నేను సిఫారసు చేయను. అంచు మీది గీతలు స్టాపులకు కచ్చితంగా సరిపోవు కాబట్టి ఫిల్టర్ లేకుండా కొలిచి లెక్క వేసే దారి మూసుకుపోతుంది, టీటీఎల్ ఒక్కటే మిగులుతుంది. వెడల్పు లెన్సులతో ఆకాశంలో ఎక్స్ ఆకారపు నల్లని చార వస్తుంది, వ్యూఫైండర్‌లోని మసకలో అది కనిపించకపోవచ్చు. ఇలాంటి ఫిల్టర్ ఇప్పటికే ఉంటే పలుచని వైపు, 50 ఎంఎం పైబడిన లెన్సులతో, కెమెరా మీటరుతోనే వాడండి.

ఎవరికి ఏది

మనుషుల్ని, వీధుల్ని చేత్తో పట్టుకుని తీసేవారు ఎన్‌డీ 8, టీటీఎల్ ఎస్ఎల్ఆర్ చాలనుకోవచ్చు. జలపాతాలకు ఆరు స్టాపులు. కుంటాల, తలకోన లాంటి చోట్ల చెట్ల నీడ ఎలాగూ ఉంటుంది, పది స్టాపుల ఫిల్టర్ అక్కడ అనవసరం. ఆరింటితో సమయం సాధారణంగా కొన్ని సెకన్లలో ముగుస్తుంది, ఫిల్ము సవరణ కూడా చిన్నది. నీటిపాయల రూపం పూర్తిగా చెరిగిపోదు కూడా. ఒకే ముదురు ఫిల్టర్ కొనే స్థోమత ఉంటే నేను ఆరే కొనమంటాను.

పది స్టాపులతో సముద్రం తీయాలనుకునేవారికి నా సలహా కాస్త వింతగా అనిపించవచ్చు. ఎస్ఎల్ఆర్ కంటే పాత యాషికా మ్యాట్ లాంటి ట్విన్ లెన్సు కెమెరా మేలు. ఫిల్టర్ కింది లెన్సుకు పెడతాం, పైలెన్సు గుండా చూస్తాం, కాబట్టి ఫిల్టర్ ఉన్నా దృశ్యం వెలుగుగానే కనిపిస్తుంది. ఎస్ఎల్ఆర్‌లో అయితే ఫ్రేము కుదుర్చుకుని, ఫోకస్ చేసి, ఆ తర్వాత లెన్సు కదలకుండా ఫిల్టర్ బిగించాలి, ప్రతి ఫ్రేముకూ ఇదే తంతు. మన ఊళ్ల పాత స్టూడియోల బీరువాల్లో ఇలాంటి యాషికాలు ఇప్పటికీ కనిపిస్తాయి. 124జీలో మీటరు ఉన్నా అది లెన్సు బయటిది, పైగా ఇప్పుడు తయారుకాని పాదరసపు బ్యాటరీ కోసం చేసింది, కాబట్టి దాని మాట వినకండి. ఎస్ఎల్ఆరే కావాలంటే ఎఫ్ఎం2 లాంటి మెకానికల్ షటర్ తీసుకోండి. ఏఈ-1 షటర్‌ను బల్బ్‌లో (నొక్కినంతసేపు తెరిచి ఉంచే అమరికలో) తెరిచి ఉంచినంతసేపు బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

కెమెరా ఏదైనా, పది స్టాపులకు చేతి మీటరు గానీ ఫోను గానీ దగ్గర ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది. ఎస్ఎల్ఆర్‌లో షటర్ తెరిచినంతసేపు అద్దం పైకి లేచి ఉంటుంది, కెమెరా మీటరు గుడ్డిదవుతుంది. 1975లో వచ్చిన ఒలింపస్ ఓఎం-2 లాగా ఫిల్ము మీది వెలుతురునే కొలిచే కొద్ది కెమెరాలు తప్ప మిగిలినవాటికి ఇది తప్పదు. మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రం మీదే పొడుస్తాడు. ఆ వేళ వెలుతురు నిమిషనిమిషానికీ పెరుగుతుంది. మీ లెక్క 4 నిమిషాలని చెప్పినా, షటర్ తెరిచిన 2 నిమిషాలకు చేతి మీటరుతో మళ్లీ కొలవండి. ఒక స్టాపు పెరిగి ఉంటే మిగిలిన 2 నిమిషాలను ఒక నిమిషానికి కుదించి మూసేయవచ్చు. సూర్యాస్తమయం తర్వాత ఇదే తిరగబడుతుంది. సగంలో ఒక స్టాపు పడిపోతే మిగిలిన సమయాన్ని రెట్టింపు చేస్తే చాలదు, హెచ్‌పీ5 లాంటి ఫిల్ముకు రెండున్నర రెట్లు, అంటే ఇంకో 5 నిమిషాలు ఇవ్వాలి. అప్పటికి వెలుతురు మరింత పడిపోతుంది కాబట్టి, పొద్దుగుంకాక పది స్టాపుల ఫిల్టర్‌ను సంచిలో పెట్టి ఆరు స్టాపులది తీయడమే మంచిది.